తూము రాయి మీద లాంతరు

జిల్లాలు విడిపోయాక వచ్చిన రెండో ఎండాకాలంలో నన్ను రేగొండ నుంచి గూడూరు మండలానికి బదిలీ చేశారు. నా హోదా ఫీల్డ్ ఆఫీసర్. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, చేపలు పట్టేవాళ్ళ సంఘాలు సక్రమంగా నడుస్తున్నాయా లేదా చూడటం నా పని. పేరులో ఆఫీసర్ అని ఉంది గానీ, నా కింద ఉన్నది ఒక అటెండరు, ఒక పాత మోటారు సైకిలు. నా పైన ఉన్నవాళ్ళను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలవు. రిటైరై రెండేళ్ళయింది. సర్వీసులో చేసిన మంచి పనుల గురించి మనుమలు అడుగుతారు, చెబుతాను. ఈ సంగతి ఎవరూ అడగరు. నా అంతట నేనే చెప్పాలి. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గూడూరు దాటి అడవి అంచున ఒక ఊరుంది. పేరు రాయను. దాని చెరువు పెద్దది. కాగితం మీద ఆ చెరువు హక్కు సంఘం సభ్యులందరిదీ. ఊరి కట్టుబాటు ప్రకారం మాత్రం వల గుంజినవాడిదే వాటా. వల గుంజలేని ముసలివాడికి చెరువులో ఏమీ లేదు, ఒక్క తూము రాయి తప్ప. తూము అంటే పొలాలకు నీళ్ళు వదిలే చోటు. దాని పక్కనుంచి ఒక బండ నీళ్ళలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. కింద లోతెక్కువ, అడుగంతా రాళ్ళు, వల వేస్తే చిరిగిపోతుంది. అందుకని ఆ బండను వల గుంజలేని సభ్యుల్లో ఒకరికి ఇస్తారు. అతను అక్కడ కూర్చుని గాలం వేసుకోవచ్చు. రాయి మీద ఉన్నంత కాలం అతను సంఘం మనిషే. సంఘం కూర్చున్నప్పుడు అతని మాటకు విలువుంటుంది, చెరువు పట్టిన రోజు, అంటే అందరూ కలిసి వలలేసి చేపలు పట్టే రోజు, అతనికీ ఒక కుప్ప చేపలు పెడతారు. రాయి పోయిందా, ఇక కట్ట మీద నిలబడి చూడాల్సిందే.

నేను వెళ్ళేటప్పటికి ఆ రాయి సమ్మయ్యది. వయసు అరవై దాటింది. చింతచెట్టు మీద నుంచి పడి కుడి భుజం కదలకుండా అయింది. సన్నటి మనిషి, నోటి దురుసు లేనివాడు. పగలు ఎర్రలు గుచ్చి గాలం వేస్తే అతనికి పడేవి జెల్లలు, వేలెడంత చిన్న చేపలు. వాలుగ చేప రాత్రి తిరుగుతుంది. చీకట్లో దాన్ని పట్టడం ఒంటిచేతి మనిషికి కష్టం.

ఇక్కడ నా సొంత గొప్ప కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కథ అక్కడే చెడింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను మూడు నెలల శిక్షణకు విశాఖపట్నం పంపారు. నా మాట తీరు విని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు, “ఏంది, ఎట్ల” అని నన్నే వెక్కిరించేవాళ్ళు. అందుకని సాయంత్రమైతే వాళ్ళను వదిలేసి రేవు కాడికి పోయేవాణ్ణి. అక్కడ ఒక ముసలి జాలరి రేవు గట్టున దీపం వేలాడదీసి స్క్విడ్ పట్టేవాడు. స్క్విడ్ పది చేతులున్న మెత్తటి సముద్రపు జీవి. దీపం వెలుగుకు చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం అది వస్తుంది. అతని గాలానికి ఎర ఉండదు. రొయ్య ఆకారంలో ఒక బొమ్మ, దాని తోక చుట్టూ సూదులు. తాడు అడుగుదాకా వదలాలి, జానెడు పైకి గుంజాలి, మళ్ళీ వదలాలి. చేతి ఆటే ఎర. బరువు తగిలిందా, ఆపకుండా లాగెయ్యాలి. రెండు వారాల్లో నాకూ ఆ ఆట పట్టుబడింది.

గూడూరు వచ్చిన మొదటి వానాకాలంలో తూము రాయి మీద కూర్చుని ఇదంతా సమ్మయ్యకు చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. బజారులో చార్జింగు లాంతరు ఒకటి నేనే కొని తెచ్చాను. అతను పాత స్టీలు చెంచా కాడ విరిచి, దానికి సీసం గుండు, ఒక కొక్కెం కట్టాడు. నీళ్ళలో ఆడిస్తే చెంచా తళతళమనేది. వారం తిరక్కుండా మోచేతి పొడవు వాలుగను ఎడమ చేత్తో లాగాడు.

“గీ దీపానికి పురుగులొస్తయి సారూ, పురుగులకు పక్కెలొస్తయి, పక్కెల కోసం వాలుగ రాకుంట ఏడికి పోతది?” అని నాకే పాఠం చెప్పాడు. పక్కెలంటే చిన్న చేపలు. నేను నేర్పిన విద్య నాకంటే అతనికే బాగా వచ్చిందని ఒప్పుకుంటాను.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు తపాలాలో ఒక ఉత్తర్వు వచ్చింది. వెలుతురుతో చేపలు పట్టడం నిషేధం, పరికరాలు జప్తు చేయాలి అని. అది పుట్టింది సముద్రం గురించి. పెద్ద పడవల మీద జనరేటర్లు పెట్టి, కళ్ళు చెదిరే దీపాలు వేసి, పిల్లా పెద్దా తేడా లేకుండా చేపలన్నీ ఊడ్చేస్తుంటే దాన్ని ఆపడానికి రాశారు. మంచి ఉత్తర్వే. కానీ మాకు సముద్రం ఎక్కడుంది? మహబూబాబాద్ నుంచి సముద్రం చూడాలంటే రైలెక్కాలి. పైవాళ్ళు ఎవరూ చదవలేదు. ప్రతి మెట్టు మీదా “తగు చర్య నిమిత్తం” అని ఒక సంతకం పెట్టి కిందికి నెట్టారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, అది మెట్లన్నీ దిగి నా బల్ల మీద పడింది. దానికి తోడు ఒక ప్రొఫార్మా, అంటే నింపి పంపాల్సిన గళ్ళ కాగితం. అందులో ఒక గడి: “పట్టుబడిన స్క్విడ్, కిలోలలో.”

మా పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన పేరు, ఆఫీసు పేరు రాయను. సార్, ఇది సముద్రానికి సంబంధించింది, మనకు వర్తించదు, నిల్ రిపోర్టు పంపుతాను అన్నాను. నిల్ రిపోర్టు అంటే చెప్పడానికి ఏమీ లేదని రాసి పంపడం. ఆయన కోప్పడ్డాడు. నిల్ పనికిరాదని పైనుంచి గట్టిగా చెప్పారట, మండలానికి కనీసం ఒక కేసు ఉండాలట, లేకపోతే నిద్రపోతున్నామనుకుంటారట. నీ మండలంలో లాంతరు పెట్టుకుని చేపలు పట్టేవాడు ఒక్కడూ లేడా అని అడిగాడు.

ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడి లాంతరు నేను కొన్నదే.

లేడని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఉన్నాడన్నాను. ఎండాకాలంలో మరో బదిలీ ఉంటుందని, ఈసారి మహదేవపూర్ అవతలి అడవుల్లోకి తోస్తారని భయం. ఇంటి దగ్గర ఆడపిల్ల చదువు. ఇవన్నీ సాకులు. ప్రతి పిరికివాడి జేబులో ఇలాంటివి ఉంటాయి.

అటెండరును, ఇద్దరు పంచులను వెంటేసుకుని రాత్రి ఎనిమిదింటికి చెరువు కట్ట ఎక్కాను. పంచులంటే జప్తుకు సాక్షులు. మమ్మల్ని చూసి సమ్మయ్య లేచి నిలబడి, కూర్చోమని రాయి మీద తువ్వాల పరిచాడు. నేను విషయం చెప్పాను. అతను నవ్వాడు, హాస్యానికి అంటున్నాననుకున్నాడు.

“దర్యాల పెద్ద పడవలోల్లు తప్పు జేస్తె, నా చెరువుల దీపం గుంజుకపోతరా సారూ? గిదేం నాయం?”

పంచనామా రాశాను. లాంతరు ఒకటి, చెంచా గాలం ఒకటి, వాలుగ ఒకటి. స్క్విడ్ గడిలో గీత గీశాను. పద్ధతి అన్న గడిలో “నిషేధిత వెలుతురు వేట” అని రాశాను. సమ్మయ్య వేలిముద్ర వేశాడు. ఆ వాలుగ ఇంకా కొట్టుకుంటోంది. దాన్ని నీళ్ళలోకి వదిలెయ్యమని అటెండరుకు చెప్పాను. ఆ రాత్రి నేను చేసిన సరైన పని అదొక్కటే.

పది రోజులకు పెద్దసారు తనిఖీకి వచ్చాడు. పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేయించుకుని సమ్మయ్యను పిలిపించాడు. ప్రొఫార్మా చివర ఒక ప్రశ్న ఉంది, ఈ పద్ధతి ఆ ప్రాంతానికి ఎలా వచ్చింది అని. అదే అడిగాడు. నీకు ఈ దీపం పద్ధతి ఎవరు నేర్పారు?

సమ్మయ్య నా వైపు చూశాడు. నేను కలం మూత తిప్పుతున్నాను.

“ఎవలు నేర్పలే. నాకు నేనే నేర్చుకున్న” అన్నాడు.

పెద్దసారు అది రాసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ తరవాతి సమీక్ష సమావేశంలో చెంచా గాలం ఫొటో తెర మీద వేసి, గూడూరు మండలం పనితీరు భేష్ అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. వరండాలో రాని ఏడుపు నాకు ఆ చప్పట్లకు వచ్చింది, కోపంతో. ఎవరి మీద కోపమో అప్పుడు సరిగ్గా తేల్చుకోలేదు.

ఇంతలో సంఘం అధ్యక్షుడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. మంచివాడే, భయస్తుడు.

“కేసైనోన్ని రాయి మీద కూసోవెడ్తే మా సంగం రద్దయితదంటున్నరు. నిజమేనా సారూ?”

కాదు అని ఒక్క మాట చాలు. అదీ నా నోట రాలేదు. పైనుంచి వివరణ రానివ్వండి, అప్పటిదాకా మీ ఇష్టం అన్నాను. సర్కారు మనిషి “మీ ఇష్టం” అంటే ఊళ్ళో దాని అర్థం ఏమిటో ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు తెలియనిది కాదు. ఆ వారమే సంఘం కూర్చుని రాయిని అయిలయ్యకు ఇచ్చింది. అయిలయ్యకు పక్షవాతం, ఎడమ కాలు రాదు. అతనిదీ కష్టమే, అతన్ని ఏమీ అనలేం.

అప్పుడు లేచింది నా పౌరుషం, ఇల్లు కాలాక బావి తవ్వినట్టు. ఈ ఉత్తర్వు చెరువులకు వర్తిస్తుందా లేదా తెలపండి అని వివరంగా రాసి పంపాను. మెట్టు మెట్టుకూ గుర్తుచేస్తూ మళ్ళీ రాశాను. నాలుగు నెలలకు ఒకే వాక్యం వచ్చింది: సదరు ఉత్తర్వులు సముద్ర జలాలకు మాత్రమే వర్తించును. దాన్ని పట్టుకుని పెద్దసారు దగ్గరికి పోయి, కేసు ఎత్తెయ్యమని అడిగాను. సామాన్లు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు గానీ, రిపోర్టులో మార్పు కుదరదన్నాడు. పైకి పోయిన అంకె కిందికి రాదట. ఒక మనిషి పేరు మీద తప్పుడు మచ్చ వేశామని ఒప్పుకునే గడి ఆ ప్రొఫార్మాలో లేదు. స్క్విడ్‌కు మాత్రం గడి ఉంది!

లాంతరు, చెంచా గాలం, ఆ ఒక్క వాక్యం కాగితం తీసుకుని సమ్మయ్య ఇంటికి వెళ్ళాను. వాకిట్లో అతని భార్య లచ్చవ్వ మిరపకాయలు ఆరబోస్తోంది. అతను నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాగితం చదివి వినిపించాను. ఇక రాయి తిరిగి అడగొచ్చు, నేనే సంఘంతో మాట్లాడతాను అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ ఊళ్ళో రాయి ఒకసారి ఒకరికి ఇస్తే, సమ్మయ్య మీద పడ్డట్టు కేసేదో పడితే తప్ప, ఆ మనిషి పోయేదాకా అతనిదే. ఆ సంగతి నాకు తెలుసు, ఆవేశంలో మరిచిపోయాను.

“అయిలయ్య బతికుండంగ రాయి అడుగుడంటె, ఆయిన సావు అడుగుడే సారూ. నేనడుగ.”

లచ్చవ్వ మిరపకాయల మీంచి తల ఎత్తింది.

“నేర్పినోనివి నువ్వే, గుంజుకున్నోనివి నువ్వే. నడుమల మా ఆయిన దొంగైండు” అంది. “ఇప్పుడు కాయితం తెచ్చినవు. గీ కాయితం మీద కూసోని గాలమేస్తడా?”

సమ్మయ్య ఆమెను ఊరుకోమన్నాడు. ఊరుకోవద్దమ్మా, ఇంకా అను అని నేనన్నాను. ఆ తరవాత, చాలా రోజులుగా గొంతులో ఉన్న ప్రశ్న అతన్ని అడిగాను. వరండాలో నా పేరు ఎందుకు చెప్పలేదు?

అతను కొంచెంసేపు లాంతరును తిప్పి చూశాడు. దాన్ని జాగ్రత్తగా తుడిచే తెచ్చాను.

“అడిగింది నన్నే, కాని జవాబు నీక్కూడ తెల్సు. నువ్వు నోరు దెరుస్తవేమో అని జరసేపు జూసిన. తెరువలే. ఇగ నేను జెప్పిన.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. లాంతరు తీసుకోలేదు, నువ్వు కొన్నదే గదా అన్నాడు. చెంచా గాలం మాత్రం ఉంచుకున్నాడు. ఆ ఏడు చెరువు పట్టిన రోజు నేను డ్యూటీ మీద కట్ట మీద ఉన్నాను. కుప్పలు పెట్టారు. అయిలయ్యకు ఒకటి పెట్టారు. సమ్మయ్య రాలేదు.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, పై ఒత్తిడి ఉంటే ఏం చెయ్యాలి సార్ అని అడుగుతారు. ఉత్తర్వు అర్థంకాక అమలు చేసినవాడికి కనీసం ఆ తెలివితక్కువతనం అడ్డం ఉంటుంది. నాకు అదీ లేదు. అది ఏ నీళ్ళ గురించి రాసిందో మా మెట్లన్నిటి మీదా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, పంచనామా కింద మొదటి సంతకమూ నాదే. పెద్దసారును తిట్టుకోవడం సులువు, ఇప్పటికీ తిడతాను. కానీ ఆ రోజు గూడూరు మండలం నుంచి పోవలసిన రిపోర్టు ఒకే ఒక్క మాట: నిల్. అది రాయడానికి నా చెయ్యి రాలేదు. ఫోన్ చేసే ఆ పిల్లలకు చెప్పేదీ ఇదే: లేనప్పుడు నిల్ అని రాయండి, బదిలీ చేస్తే పోండి.