ఎనిమిది ముక్కల కాలేయం

సిరిసిల్ల నేతకారుల ఇంట పుట్టిన చంద్రావతి ముప్పై ఏళ్లుగా అమీర్‌పేటలో జాకెట్లు కుడుతోంది. పంజగుట్టలో కాలేయం ఆపరేషన్లు చేసే డాక్టర్ షెర్లిన్ ఒకరోజు ఆమె దగ్గరికొచ్చి, రోగులకు చూపించడానికి ఎనిమిది భాగాలు విడివిడిగా ఊడొచ్చే గుడ్డ కాలేయం కుట్టిపెట్టమంది.

"నెత్తురు ఎట్ల వస్తది, ఎట్ల పోతది మేడం?" అని చంద్రావతి ముందు అదే అడిగింది.

"తెచ్చే నాళం ప్రతి భాగం నడుమకీ వెళ్తుందమ్మా. తీసుకెళ్లే పెద్ద సిరలు భాగాల మధ్య సందుల్లో ఉంటాయి. అందుకే ఒకటి తీసేసినా మిగతావి బతుకుతాయి."

వారం రోజుల్లో కుట్టేసింది. ఆఖరున డాక్టర్ ఇచ్చిన పటంతో పోల్చి చూస్తే, అందులో వెనక దాగిన ఒకటో భాగం నెత్తురు నేరుగా గుండెకు చేరే మహాసిరలోకే పోతోంది. తానేమో దాన్ని పక్క సిరకు కలిపింది. ఎవరూ పట్టుకోలేని తప్పే అయినా, చంద్రావతి కుట్టు విప్పి మళ్లీ కుట్టింది.

చంద్రావతి బొమ్మ తెచ్చి ఆసుపత్రిలో ఇచ్చిన రోజే, భార్యకు తన కాలేయంలో కుడివైపు ఇవ్వడానికి సిద్ధపడ్డ బోరబండ మేస్త్రీ రాజేందర్ ఆ బొమ్మను చేతుల్లోకి తీసుకుని, కుడి భాగాలు ఊడదీసి చూశాడు.

"మిగిలింది మల్ల పెరుగుతదా?"

"పెరుగుతుంది," అంది షెర్లిన్.

"అయితే ఫికర్ లేదు. గిది ఎవరు కుట్టిన్రు?"

షెర్లిన్ పక్కనే ఉన్న చంద్రావతిని చూపించింది. రాజేందర్ లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.