ఇరవైనాలుగు గంటల బాడుగ

2023 వానాకాలంలో నేను తమిళనాడు సరిహద్దున ఉన్న హోసూరులో ఒక కేబుల్ కంపెనీ ఆఫీసులో ధరల పని చూసేవాణ్ణి. పెద్దాఫీసు కృష్ణగిరిలో ఉండేది. మా గదిలో ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, పాడైపోయి వెనక్కి వచ్చిన సెట్-టాప్ బాక్సుల కుప్ప ఉండేవి. ఏ సినిమాకు ఎంత బాడుగ పెట్టాలో నెలకొకసారి రాసి పంపడం నా పని.

ఈ పని గురించి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. టీవీలో వేసినప్పుడు చూసే సినిమా వేరు. మనకు కావలసిన సినిమాను రిమోట్ నొక్కి తెప్పించుకోవడం వేరు. రెండో దాన్ని వీడియో ఆన్ డిమాండ్ అంటారు. డబ్బు కట్టి ఒక సినిమా తీసుకుంటే అది రెంటల్. దాన్ని చూడడానికి ఇచ్చే గడువు పేరు విండో. మా కంపెనీలో ఆ గడువు ఇరవైనాలుగు గంటలు. వచ్చిన బాడుగలో ఎక్కువ భాగం సినిమా హక్కులున్నవాళ్లకు పోతుంది, కొంత కంపెనీకి, చివరి చిన్న ముక్క ఊర్లో కేబుల్ నడిపే ఆపరేటరుకు. పల్లెల్లో ఫోనులో డబ్బు కట్టేవాళ్లు తక్కువ కాబట్టి, నెలాఖరుకు ఇంటింటికీ తిరిగి వసూలు చేసేది కూడా ఆ ఆపరేటరే. అంటే ధర పెట్టేవాడు హోసూరులో కనపడకుండా ఉంటాడు. డబ్బు అడిగేవాడు మాత్రం గడప ముందు నిలబడాలి.

నా చదువు పదో తరగతితో ఆగింది. మొదట స్తంభాలెక్కి కేబుల్ లాగేవాణ్ణి. సాయంత్రం చేతులు కడుక్కొని శాఖా గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. అక్కడ తెలుగు పుస్తకాలకు ఉన్నది ఒకే బీరువా. అందులో అట్ట ఊడిపోయిన అర్థశాస్త్రం పాఠ్యపుస్తకం ఒకటి నాకు దొరికింది. దాన్ని మూడుసార్లు చదివాను, నోట్సు రాసుకున్నాను. 'డిమాండ్ వ్యాకోచత్వం' అనే మాట అందులోనే నేర్చుకున్నాను. ధర పెరిగితే కొనేవాళ్లు ఎంత తగ్గుతారో చెప్పే కొలత అది. మామిడిపండ్ల ధర పెరిగితే సగంమంది కొనడం మానేస్తారు. ఉప్పు ధర పెరిగితే ఎవరూ మానరు. ఈ సంగతి చెప్పగలిగినందుకే కంపెనీ నన్ను స్తంభం దించి కుర్చీలో కూర్చోబెట్టింది. అందుకు నాకు గర్వంగానే ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఆ నెల పట్టికలో ఒక వింత కనిపించింది. కెలమంగలం దాటి మూడు మైళ్లలో ఉన్న ఒక చిన్న ఊరి లైనులో, ఆరు ఇండ్లవాళ్లు ఒకే సినిమాను రెండేసి సార్లు బాడుగకు తీసుకున్నారు. రెండు తీసుకోవడాలకీ మధ్య అయిదారు రోజులే తేడా. ఇంకే లైనులోనూ అట్లా లేదు. పుస్తకంలో చదివింది కళ్లముందు కనపడినట్టు అనిపించింది. చూసిన సినిమానే మళ్లీ డబ్బు పెట్టి చూస్తున్నారంటే, ఆ ఊరికి ఆ సినిమా ఉప్పుతో సమానం. ధర పెంచినా తగ్గరు. ఆ ఒక్క లైనులో బాడుగను యాభై నుంచి డెబ్బై అయిదుకు పెంచవచ్చని ఒక పేజీ రిపోర్టు రాశాను. వ్యాకోచత్వం అనే మాట అందులో నాలుగుసార్లు వచ్చింది. కృష్ణగిరిలో మేనేజరు మెచ్చుకుని అమలు చేశాడు.

కొత్త ధర అమలైన నెలన్నరకు ఆ ఊరి ఆపరేటరు మునిరాజప్ప మా ఆఫీసుకు వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, పదిహేనేళ్లుగా అక్కడ కేబుల్ నడుపుతున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"శీనప్పా, నేను ఇంక ఆ ఊర్లో తలెత్తుకొని తిరగలేనప్పా."

"ఏమైందన్నా?"

"గౌరమ్మ నన్ను వీధిలో నిలబెట్టి అడిగింది. ఒకే సినిమాకు రెండుసార్లు దుడ్డు తీసుకొంటివి, ఇప్పుడు మూడోసారికి ఇరవై అయిదు ఎక్కువ ఏంటికి అని. కంపెనీ పెంచింది అంటే ఎవురూ నమ్మలే. కెలమంగలంలో యాబై, ఈడ డెబ్బై అయిదా, మూడు మైళ్లు వచ్చేసరికి సినిమా బరువెక్కిందా అని నవ్వుతా ఉండారు. ఆ ఇరవై అయిదూ నా జోబులో పోతా ఉండాదంట."

"అట్ల ఎవురన్నారు?"

"ఎవురు అనలేదో అడుగు! మూడిండ్లోళ్లు డిష్ పెట్టించుకొన్నారు. ఉండేదే అరవై ఇండ్లు. ఇంకొక పది పోతే నేను వైరు చుట్టిపెట్టి కూలికి పోవల్ల. అదన్నా పోనీ. దొంగ అనిపించుకొని పోవల్లనా?"

ధర పెంచమని రాసింది నేనేనని అతనికి తెలియదు. నేనూ ఆ రోజు చెప్పలేదు. "రేపు నేను వచ్చి మాట్లాడతాలే అన్నా" అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఊరివాళ్లకు లెక్క అర్థమయ్యేటట్టు చెప్పి రావాలనే అనుకున్నాను తప్ప, నేను నేర్చుకోవలసింది ఏదైనా ఉంటుందని అనుకోలేదు.

మరునాడు పొద్దున పది గంటలకు మునిరాజప్ప బండి మీద ఇద్దరం గౌరమ్మ ఇంటికి వెళ్లాం. ఆమెకు నలభై అయిదేళ్లు ఉంటాయి. భర్త మల్బరీ తోటలో ఉన్నాడు. ఇంటి పక్కనే పట్టుపురుగులు పెంచే పొడవాటి రేకుల షెడ్డు ఉంది. నేను రెండడుగులు అటు వేశానో లేదో ఆమె కేక పెట్టింది.

"ఆడే నిలబడప్పా! తలకు ఏం పూసుకొన్నావు, ఈడికి కొడతా ఉండాది వాసన. పురుగులకు పడదు. పో, ఆ అరుగు మీద కూచో."

అరుగు మీద కూర్చున్నాను. నా మాట మొదలుపెట్టి నాలుగు వాక్యాలు పూర్తి చేశానో లేదో, ఆకు మోపు వచ్చింది. "ఉండప్పా, ఆకేసి వస్తాను" అని ఆమె లోపలికి పోయింది. గంటన్నర తర్వాత వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పురుగుల కింద సున్నం చల్లాలని పోయింది. తర్వాత కోసిన కొమ్మలు ఎండకుండా తడిగుడ్డ కప్పాలని పోయింది. చివరి దశలో పురుగులు వారం రోజులు తిండిమీదే ఉంటాయట. ఆ వారం ఆ ఇంట్లో వాళ్లు నిలబడే తింటారని మునిరాజప్ప చెప్పాడు. మధ్యాహ్నం రెండు దాటింది. పావుగంటలో ముగించి వెళ్దామనుకున్న మాట నాలుగు ముక్కలైంది, ఇంకా సగం కూడా కాలేదు.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఈసారి ఆమె వచ్చి కూర్చోగానే నా లెక్క చెప్పడం మానేసి అడిగాను.

"అమ్మా, ఇంత పనిలో ఒకే సినిమాను మూడుసార్లు ఎట్ల చూసినారు?"

"మూడుసార్లు యాడ చూసినామప్పా? ఒక్కసారి కూడా పూర్తిగా చూడలే! ఇంటర్వెల్ దాకా ప్రతి మాటా నోటికి వచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో ఎవురికీ తెలీదు. విలన్ చచ్చినాడో బతికుండాడో నువ్వన్నా చెప్పు."

"మల్లా ఏంటికి మధ్యలో ఆపేసినారు?"

ఆమె నిదానంగా చెప్పింది. పురుగులు పొర విడిచే ముందు ఒక రోజు మేత మాని కదలకుండా ఉంటాయి. అక్కడ దాన్ని జ్వరం అంటారు. ఇంటివాళ్లకు కాస్త తీరిక దొరికేది ఆ ఒక్క రోజే. అందుకే పురుగులు జ్వరానికి పోయినప్పుడు సినిమా తీసుకున్నారు. ఇంటర్వెల్ దాకా చూసి, తోటలో పనుంటే టీవీ కట్టేశారు. మిగిలిన గంటలు మిగిలే ఉంటాయి కదా, నిదానంగా చూద్దామని. అయిదారు రోజులకు పురుగులు మళ్లీ జ్వరానికి పోయినప్పుడు పెడితే మళ్లీ డబ్బు అడిగింది, కట్టితే సినిమా మొదటినుంచే వచ్చింది.

"గంటలు మిగిలే ఉంటాయా? ఎట్లమ్మా?"

"ఎట్లంటావేమప్పా? ట్రాక్టరు బాడుగకు పిలిస్తే దున్నిన గంటకే దుడ్డు ఇస్తాము. డ్రైవరు గట్టు మీద కూచోని బీడీ తాగిన గంటకు ఇస్తామా? టీవీలో ఇరవైనాలుగు గంటలు అని రాసి ఉండాది. మేము ఆడించింది ఒకటిన్నర గంట. మిగిలిన ఇరవైరెండున్నర ఎవురు తిన్యారు? మునిరాజప్ప తిన్యాడా, నువ్వు తిన్యావా?"

ఆ వైపు పల్లెల్లో బాడుగ అంటే అదే. ట్రాక్టరుకు, బోరు మోటారుకు, మందు కొట్టే మిషనుకు, దేనికైనా ఆడిన గంటకే లెక్క. ఒకరు చెబితే ఒకరు విని ఆరు ఇండ్లవాళ్లూ ఇదే లెక్కలో టీవీ కట్టేసి గంటలు దాచుకున్నారు. నేను హోసూరులో కూర్చుని, వాళ్లు సినిమాను వదల్లేకపోతున్నారని రాశాను. వాళ్లు సినిమాను పూర్తి చేయలేకపోతున్నారు. పట్టికలో ఈ రెండూ ఒకే అంకెగా కనపడతాయి. ఆ అంకె చూసి నేను ధర పెంచాను. పూర్తి చేయలేనివాళ్లకు జరిమానా వేసినట్టయింది.

ఇంతలో ఆకు కోసి వచ్చిన పక్కిండ్ల వాళ్లు ఏడెనిమిది మంది అరుగు దగ్గర నిలబడ్డారు. మునిరాజప్ప ఒక మూల తల వంచుకొని ఉన్నాడు. గౌరమ్మ అడిగింది.

"సరేప్పా, తెలీక చేసినాము అనుకో. ఇరవై అయిదు పెంచింది ఎవురు? నలుగురూ ఉండారు, చెప్పు."

'కంపెనీ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అబద్ధం కాదు కూడా. కానీ మునిరాజప్ప అదే మాట నెల రోజులుగా చెబుతున్నాడు, ఎవరూ నమ్మలేదు. నేను చెప్పినా అతని మీద పడ్డ మాట పోదు.

"నేనే పెంచమని రాసినాను. మీరు మల్లా మల్లా చూస్తా ఉండారు అనుకొన్నాను. ఈయనకు ఏమీ తెలీదు. పెంచిన దుడ్డులో ఈయనకు వచ్చింది టీ నీళ్లకు కూడా చాలదు."

ఒక ముసలాయన నవ్వి, "బాగా చదువుకొన్నోడు మాదిరే ఉండాడు" అన్నాడు. గౌరమ్మ నవ్వలేదు.

"రాసేదానికి ముందు ఒక్కసారి వచ్చి అడిగింటే నీకు బస్సు చార్జి ఎంతయ్యేదప్పా?" అంది. తర్వాత మునిరాజప్ప వైపు తిరిగి, "నీళ్లు తాగుతావా అన్నా?" అని అడిగింది. నెల రోజుల తర్వాత ఆమె అతన్ని అన్నా అనడం అదే మొదలని అతను దారిలో చెప్పాడు. పెంచమన్నది నేనేనని ముందురోజు చెప్పనందుకు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఆ వారమే కృష్ణగిరి వెళ్లి మేనేజరుకు నా రిపోర్టు తప్పని చెప్పాను. "వాళ్లు ట్రాక్టరు లెక్క వేసుకుంటే తప్పు మనదెట్లా అవుతుంది?" అన్నాడు. చూసిన గంటలే లెక్కపెట్టే ఏర్పాటు మా యంత్రాల్లో లేదు. హక్కులవాళ్లతో ఒప్పందం ప్రకారం నలభై ఎనిమిది గంటల వరకు గడువు ఇవ్వవచ్చు, అంతకు మించి కుదరదు. వాదించగా మూడు మార్పులకు ఒప్పుకున్నాడు. ధర మళ్లీ యాభై. గడువు రెండు రోజులు. తెర మీద గంటల అంకెకు బదులు 'ఎల్లుండి ఇదే సమయం వరకు, టీవీ కట్టేసినా' అనే మాట తెలుగు, తమిళం, కన్నడంలో. ఎక్కువ కట్టిన డబ్బును మునిరాజప్ప చేతుల మీదుగానే ఇంటింటికీ తిరిగి ఇప్పించాం. నా జీతం ఆ ఏడాది పెరగలేదు. అది న్యాయమే అనుకున్నాను.

పట్టుగూళ్లు హోసూరు మార్కెట్లో అమ్మిన తర్వాత గౌరమ్మ ఇంట్లో సినిమా పూర్తిగా చూశారట. రెండో సగం బాగాలేదని నాకు చెప్పమన్నదట.

డిష్ పెట్టించుకున్న మూడిండ్లు మాత్రం తిరిగి రాలేదు. ఒకాయన్ను నేనే అడిగాను. "మునిరాజప్ప మీద కోపం లేదప్పా. ఏడాదికి దుడ్డు కట్టేసినాను, ఏం చేసేది?" అన్నాడు. నా ఒక్క పేజీ రిపోర్టుకు మునిరాజప్ప ఇప్పటికీ ప్రతి నెలా మూడిండ్ల ఆదాయం కడుతున్నాడు.

పుస్తకాల మీద నాకు నమ్మకం తగ్గలేదు. ఆ అర్థశాస్త్రం పుస్తకంలో తప్పేమీ లేదు. ధరలో రూపాయలతోపాటు మనిషి తీరిక కూడా ఉంటుందని, ఆ తీరిక ఎప్పుడు దొరుకుతుందో పట్టికలో ఉండదని నాకు అర్థం కావడానికి ఒక రోజంతా అరుగు మీద కూర్చోవలసి వచ్చింది, అంతే. అప్పటి నుంచి నా నెల పట్టికలో ధర పక్కన ఒక గడి చేర్చాను: 'ఎవరిని అడిగాను'. ఇదెందుకని మేనేజరు ఒకసారి అడిగాడు. నా జ్ఞాపకానికి అన్నాను. పోయిన నెల వానలకు ఎక్కడికీ వెళ్లలేకపోయాను, ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ నెల ఏ ధరా మార్చమని రాయలేదు.