రేవులో దిగిన ట్రాక్టరు

మొన్న తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర ఏలూరు బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా ఓ పాత లారీ వెనక్కి తీయబోయి, గేరు పడక కరకరమని పళ్లు నూరింది. చుట్టూ ఉన్న కుర్రవాళ్లు ఫోన్లలోంచి తలెత్తలేదు గానీ, నా చెయ్యి మాత్రం దానంతటదే లేచి, అక్కడ లేని గేరురాడ్డును పట్టుకోబోయింది. ఆ చప్పుడుకు చెయ్యి లేచే వయసువాళ్లు ఇది చదివేవాళ్లలో కొందరైనా ఉండకపోతారా అనే ధైర్యంతో ఈ సంగతి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా ఊరు నిడమర్రు దాటాక కొల్లేటి వైపు దిగే పల్లంలో ఉంటుంది. నీళ్లు పెట్టిన చేలో ట్రాక్టరుకు ఇనప చక్రాలు బిగించి బురద తొక్కించడాన్ని మావైపు దమ్ము చేయడం అంటారు. ఆ దమ్ము చేయడంలో నన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడనీ, కలిదిండి నుంచి కూడా మనుషులొచ్చి బతిమాలి తీసుకువెళ్లేవారనీ మా మనవలకు చెబుతుంటాను. మీ దగ్గర దాపరికం దేనికి, కలిదిండి నుంచి వచ్చినవాడు ఒక్కడే, ఆయన మా మేనమామ, అదీ ఇంకే ట్రాక్టరూ దొరకనందువల్ల.

నాది కొత్త ట్రాక్టరు కాదు. అత్తిలిలో మా బావమరిది ఎవరో వాడి వదిలేసిన బండి చూసిపెడితే కొన్నాను. అది ఇంటికొచ్చిన వేసవిలోనే ఎడ్లను అమ్మేశాం. నాన్నగారు పశువుల కొట్టం ఊడ్చి, పలుపులు చుట్టి దూలానికి తగిలించి, కొన్నాళ్లు అరుగు మీద ఊరికే కూర్చున్నారు. ఆ తరువాత ఒక సాయంత్రం, నేను చేలోంచి వస్తుంటే రోడ్డు మీద ఎదురుగా నిలబడి, బండిని కాలువ రేవులోకి దింపమన్నారు. పొద్దుగూకులూ పనిచేసినదాన్ని కడగకుండా ఇంటికెలా తోలుకెళతావన్నది ఆయన ప్రశ్న. అప్పటినుంచి రోజూ అదే వరస. నేను బండిని ఇరుసు మునిగేదాకా నీళ్లలో దింపడం, ఆయన పంచె ఎగ్గట్టి, గడ్డి చుట్టతో చక్రాల దగ్గర మొదలుపెట్టి పొట్ట కిందిదాకా రుద్దడం, రేవులో బట్టలుతుకుతున్నవాళ్లు పక్కకు జరిగి నవ్వుకోవడం. నాన్నగారి ముచ్చట కోసం ఒప్పుకున్నానని అందరితోనూ అనేవాడిని గానీ, నలుగురి ముందూ మెరిసిపోయే బండి మీద కూర్చోవడం నాకూ ముచ్చటే.

ఆ ఏడాది దాళ్వా నాట్లకు, అంటే రెండో పంట నాట్లకు ముందు మా పల్లపు చేను సంగతి ఒకటి తేలవలసి ఉంది. దానికి రెండువైపులా ఉన్న పొలాలు అప్పటికే చేపల చెరువులైపోయాయి. గట్లలోంచి వాళ్ల నీళ్లు మా చేలోకి ఊరుతుండేవి. చెరువుల ఆయన దాన్నీ కలిపేసుకుంటానని కబురు మీద కబురు పెడుతున్నాడు. ఈ పంట ఒక్కటి సకాలంలో నాట్లు వేసి ఊడిస్తే ఇక ఎవరికీ ఇచ్చే మాటే లేదని నాన్నగారు, ఊడవలేకపోతే మాత్రం ఇచ్చేద్దామని నేను, మేమిద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. కాలువ నీటి వంతు నడుస్తోంది, నారు ఎదిగి సిద్ధంగా ఉంది, ఇక దమ్ము చేయడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే గేరు జారడం మొదలైంది. బురదలో బలం పట్టిన చోటల్లా టక్కుమని శబ్దం, రాడ్డు దానంతటదే వెనక్కి వచ్చేయడం, ఇంజను గుర్రుమనడం, బండి మాత్రం కదలకుండా కూరుకుపోవడం. కొన్నాళ్లు మోకాలితో అదిమిపట్టి నడిపాను. తరువాత సైకిలు ట్యూబుతో రాడ్డును సీటుకు కట్టేశాను. అలా కట్టడం నా తెలివే అనుకునేవాడిని గానీ, జారే గేరున్న ప్రతివాడూ చేసే పనే అది. కట్టిన మర్నాడు గట్టు దగ్గర ఆపబోతే గేరు వదలక, బండి గట్టెక్కి అవతలి చెరువులోకి తొంగి చూసింది. ఈ సంగతి అత్తిలి దాకా వెళ్లింది. మా బావమరిది పనిమాలా వచ్చి, టీ తాగుతూ, "ముందు రెండెడ్లను కట్టండి బావగారూ, మీ ట్రాక్టరు చక్కగా లాగుద్ది," అని వెళ్లాడు.

తాడేపల్లిగూడెంలో మెకానిక్కు సాయిబుగారు ఉండేవారు. ఆయన షెడ్డులో బండిని మధ్యకు విడదీసి రెండు ముక్కలుగా నిలబెట్టారు. ఒక గేరు పళ్ల అంచులు అరిగి గుండ్రమైపోయాయి. ఆ రకం సామాను అప్పటికే కొత్తది దొరకదు. ఏలూరు వెళ్లి, పాత ఇనప సామాను కొట్లన్నీ తిరిగి, చేతులు నల్లగా చేసుకుని ఒకటి పట్టుకొచ్చాను. బిగించి ఇచ్చారు. నాలుగు రోజులు పెళ్లికొడుకులా నడిచింది. ఆ తరువాత మళ్లీ టక్కు. గేరుబాక్సులోని నూనె వదిలి చూస్తే పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. నీళ్లు కలిశాయన్నమాట. నాసిరకం నూనె పోశానని ఆయన, నీళ్లు దూరకుండా వేసే రబ్బరు సీళ్లు సరిగ్గా వేయలేదని నేను, షెడ్డులోనే ఎడమొహం పెడమొహం అయ్యాం. మళ్లీ విప్పారు. సీళ్లు మార్చారు. మళ్లీ టీ రంగే. ఇక్కడ నారేమో ముదిరి, చివర్లు పసుపెక్కుతోంది. నాకు ఆ రోజుల్లో అన్నం మీద కూడా కోపమే.

చివరికి సాయిబుగారు విసిగిపోయి, సంగతేమిటో చూస్తానని బస్సెక్కి మా ఊరే వచ్చారు. సాయంత్రం దాకా చేలోనే ఉన్నారు, ఏ తప్పూ పట్టలేకపోయారు. తరువాత నాతోపాటు రేవుకు వచ్చి, బండి నీళ్లలోకి దిగడమూ, నాన్నగారు గడ్డి చుట్ట తీయడమూ చూసి సంగతి పట్టేశారు. పగలంతా కాగిన గేరుబాక్సును శీతాకాలపు కాలువలో ఒక్కసారిగా ముంచితే, లోపలి గాలి కుంచించుకుపోయి, పాత బండికి ఉన్న ప్రతి సందులోంచీ నీళ్లు లోపలికి పీల్చుకుంటుందని తరువాత నాకు విడమరిచి చెప్పారు. నాన్నగారి ముందు మాత్రం ఆ మాట ఎత్తలేదు. బస్సెక్కబోతూ, "ఏవండీ, పెద్దాయన్ని ఆపమంటే నా వల్ల కాదండి. మీరే చెప్పుకోండి," అన్నారు.

ఆ రాత్రే చెప్పేశానని మా ఆవిడతో అన్నాను. చెప్పలేదు. సీళ్లు ఇంకోసారి మార్పించుకుని తెచ్చాను, తెచ్చిన సాయంత్రం నాన్నగారు రోడ్డు మీద నిలబడి ఉంటే బండి ఇంటివైపు తిప్పడానికి చేతులు రాలేదు. ఎడ్లు పోయాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే కదా, అదీ తీసేస్తే ఎలా అని నాకు నేనే చెప్పుకుని రేవులోకి దింపాను. ఆ మర్నాడూ దింపాను. ఆ తరువాతి రోజు సగం దమ్ములో బండి నిలిచిపోయింది. ఏ గేరులోనూ కదలలేదు. అద్దె ట్రాక్టరు దొరికేసరికి నీటి వంతు దాటిపోయింది, ముదురు నారు కోసి పశువులున్నవాళ్లకు ఇచ్చేశాం.

చేలోంచి బండిని లాగించి ఇంటికి తెచ్చాక, నాన్నగారి ఎదురుగానే నూనె వదిలాను. నూనెతో కలిసి పళ్లెంలోకి దిగిన నీళ్లను ఆయన వేలితో తాకి చూశారు. కాలువలో నాచు పెరిగిందనో, ఇంజనులో లోపమనో ఏదో అనబోయాను. ఆయన విననట్టే ఉండి, "ముందే చెప్పొచ్చు కదరా. ఎద్దుకు జొరమొస్తే నేను మాత్రం కాలవలో దింపేవాణ్ణా," అన్నారు. కోపంగా కూడా అనలేదు.

మాట ప్రకారం చేను చెరువుల వాళ్లకు ఇచ్చేశాం. బండి మళ్లీ బాగుపడింది, చేపల మేత బస్తాలు మోస్తూ ఇంకొన్నేళ్లు నడిచింది. నాన్నగారు దాన్ని ఇంటి ముందే తడిగుడ్డతో తుడిచేవారు, గేరుబాక్సు దగ్గర మాత్రం పొడిగుడ్డ వాడేవారు. ఆయన బాగున్నంతకాలం ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. నేను ఆయన మనసు కాపాడుతున్నాననుకుని ఆయన చేను పోగొట్టాను. చెబితే అర్థం చేసుకునే మనిషని నాకొక్కడికే తోచలేదు.

ఇప్పుడు ఆ పల్లం మొత్తం చెరువులే. మేము ఊడ్చిన చోట నీళ్ల మీద చేపలకు గాలి అందించే చక్రాలు కరెంటుతో రేయింబవళ్లు గిరగిరా తిరుగుతుంటాయి, పాడైతే విప్పి అవతల పడేసి ఇంకోటి పెడతారు. సాయంత్రం పూట వాటిని చూస్తూ, అవి అలిసిపోయి ఉంటాయేమోనని అనుకునే మనిషి మాత్రం ఆ గట్ల మీద ఎవరూ కనబడరు.