బియ్యం డ్రమ్ములో పదేళ్లు పడుకున్న ఫ్రెంచి వైన్

పదేళ్ల క్రితం మా నాన్న ఒక ఫ్రెంచి పెద్దాయన పడవ ఇంజిన్ బాగుచేశాడు. ఆయన సంతోషించి మంచి రెడ్ వైన్ సీసా ఒకటి చేతిలో పెట్టి, చల్లటి చీకట్లో పదేళ్లు పడుకోబెట్టమన్నాడట. డైరీ ఫార్మ్ అనే పేటలోని మా ఇంట్లో అలాంటి చోటు బియ్యం డ్రమ్ము ఒక్కటే.

ఈ సాయంత్రం అమ్మానాన్నల పెళ్లిరోజుకి దాన్ని తీశాం. ఇక్కడి ఉక్కకి పాడైపోయి ఉంటుందని నాన్నకి ఒకటే దిగులు. కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, స్టీలు గ్లాసుల్లో పోశాడు. ఎన్నడూ మందు ముట్టని అమ్మ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"ఏటే, ఖరాబ్ అయిపోనాదేటి?" అని కంగారుపడ్డాడు నాన్న.

"నేరేడుపళ్లు తిన్నట్టు నాలికంతా వగరుగా ఉంది," అంది అమ్మ. "బహుత్ అచ్ఛా ఉందండీ. ఇంకొంచెం పొయ్యండి."

సగం సీసా అమ్మే ఖాళీ చేసింది. నాన్న మాత్రం గెలిచినవాడిలా మురిసిపోయాడు. మీ ఇళ్లలో ఇంతకాలం దాచి తిన్నది, తాగింది ఏముందో చెప్పండి!