ఖాళీలు సర్దే అక్క

కద్మాలోని మా చిన్న ఆఫీసులో ఒక అక్క ఉండేది. ఎవరి కోడ్‌లోనైనా లైన్ల ముందు ఖాళీలు ఎగుడుదిగుడుగా కనిపిస్తే ఆవిడకు అన్నం సహించేది కాదు. "ఏటిది, ఎలకలు తిరిగినట్టు?" అంటూ ఖాళీలన్నీ ఒకే కొలతకు తెచ్చే స్క్రిప్టు నడిపేసేది.

ఒకరోజు జుగ్సలాయి గోదాముకు మేమిచ్చిన బిల్లుల ప్రోగ్రాం ఆగిపోయింది. తప్పు లైను ఎవరిదో తేల్చడానికి మేనేజరు, ఏ లైను చివరగా ఎవరు మార్చారో చూపే రికార్డు తెరిచాడు. స్క్రిప్టు పుణ్యమా అని ప్రతి లైను పక్కనా అక్క పేరే ఉంది.

"క్యా, అంతా మీరే రాసినారా?" అని గద్దించాడు.

అక్క చున్నీ సర్దుకుంటూ నవ్వింది. "నాను సర్దినాను సార్, అంతే. నాకన్నా ముందు రాసినోల పేరు కూడా దొరుకుతాది. అందరి ముందూ సూపించమంటారేటి?"

మేనేజరు కాకముందు ఆ ప్రోగ్రాం మొదట రాసింది ఆయనే. గబుక్కున రికార్డు మూసేశాడు.

"ఛోడియే, వదిలేయండి. ముందు చాయ్ తాగుదాం."