ఫ్లెక్సీలో అమ్మ

మాది రాయచూరు జిల్లా గబ్బూరు. నేను డిగ్రీ చదువుతున్నప్పటి సంగతి. చేలో పత్తి ఏరుతున్న మా అమ్మ నర్సమ్మను ఎవరో ఫోటో తీసుకుని వెళ్లారు. మరుసటి ఏడు వానలు మొదలయ్యేసరికి ఆ ఫోటో మా ఊరి విత్తనాల షాపు ముందు ఒక కంపెనీ ప్రకటన ఫ్లెక్సీగా వెలిసింది. ఒడి నిండా పత్తి, మొహం నిండా నవ్వు! నేను మురిసిపోయి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాను. "నర్సమ్మ ఏసిన ఇత్తనాలే మాకూ కావాలె" అంటూ ఊళ్లో ఆడవాళ్లంతా ఆ షాపుకు పరుగెత్తారు.

నిజానికి ఆ కంపెనీ విత్తనాలు మేమెన్నడూ వేయలేదు. తన ఫోటో చూసి అందరూ కొంటున్నారని తెలియగానే అమ్మ సరాసరి షాపుకు వెళ్లింది, వెనకాలే నేను. అంతమందిలో ఫ్లెక్సీ కింద నిలబడి గొంతెత్తింది.

"గీ ఫోటోల ఉన్నది నేనే. గా పత్తి మాత్రం గీ ఇత్తనాలది కాదు!"

అందరూ మావైపే చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయి అమ్మ చెయ్యి పట్టి లాగాను. షాపాయన బతిమాలాడు.

"ఊకో అక్కా, ఫోటోనే గదా! ఏమైతది?"

"నా మొకం జూసి కొంటున్నరు. రేపు పంట రాకుంటె నీ తానికి రారు, నా ఇంటికొస్తరు."

ఆడవాళ్లు ఒక్కొక్కరే సంచిలోంచి ప్యాకెట్లు తీసి కౌంటర్ మీద పెట్టేశారు. నేను అమ్మ చెయ్యి వదిలేశాను.

ఇప్పుడు ఏ ప్రకటనలో నవ్వుతున్న మొహం కనిపించినా, ఆ మనిషి మా అమ్మలా వచ్చి దాని కింద నిలబడగలదా అనే ఆలోచిస్తాను.