మా పొలం నీళ్లు పోయే దారి

చిన్నప్పటి నుంచీ నాదొక పిచ్చి. పొలంలో ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్లు పారే గండి దగ్గర కూర్చుని, ఒక గడ్డిపరకను వదిలి, దాని వెంట మనసును పంపిస్తాను. పరక మా చివరి మడి దాటి వాగులో పడుతుంది. వాగు మూసీలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడికి నా కళ్లు మూతలు పడతాయి, పరక మాత్రం పోతూనే ఉంటుంది. అమ్మ కేకేస్తే తప్ప లేవను. కోదాడలో బడిపిల్లలకు సైన్సు చెప్పే ఉద్యోగం వచ్చాక కూడా, సెలవుకు ఇంటికొస్తే నా మొదటి పని అదే.

మా ఊరు మిర్యాలగూడ దగ్గర, సాగర్ కాలువ కింద. ఇక్కడ మనిషి పరువు వరి రంగులో ఉంటుంది. పైరు ముదురు పచ్చగా ఏపుగా ఎదిగితే "నల్లగ లేచింది" అని మెచ్చుకుంటారు. నాన్నకు తన పైరు ఎప్పుడూ పక్క పొలం కన్నా ఒక పిసరు తక్కువ నలుపుగానే కనిపించేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! వెంటనే ఇంకో బస్తా యూరియా పడేది. కాలువ నీళ్లేమో వంతుల మీద వస్తాయి. పైవాడి పొలంలోంచి మన పొలంలోకి, మన పొలంలోంచి కిందివాడి పొలంలోకి పారాలి. వంతు నడిచేటప్పుడు గండి మూస్తే కిందివాడు తిట్టిపోస్తాడు. అందుకని పారే నీళ్లలోనే చల్లేవాళ్లు. ఊరంతా అంతే. కొంత పైరు తినేది, మిగతాది నా గడ్డిపరకతో పాటు ప్రయాణం కట్టేది.

అన్నయ్య లారీ నడుపుతాడు. మేళ్లచెరువు నుంచి సిమెంటు వేసుకుని, కృష్ణ సముద్రంలో కలిసే వైపు పోయి పోయి, అక్కడ చేపలు పట్టేవాళ్ల ఇంటి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. వదిన "అదేంటండీ" అంటే అమ్మ "గదేందే అనాలె బిడ్డా" అని దిద్దేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఒక సాయంత్రం వదిన నా పక్కన గండి దగ్గర కూర్చుని పరక కథంతా వింది.

"అయితే మీ నీళ్లు మా రేవుకే వస్తాయన్నమాట" అంది. సంతోషంగా అనలేదు.

కాసేపటికి అసలు సంగతి చెప్పింది. వాళ్ల నాన్న పడవ అమ్మేస్తానంటున్నాడు. అది చిన్న పడవ, దూరం పోలేదు, ఒడ్డుకు దగ్గరలోనే వల వేయాలి. ఆ నీళ్లలో చేప ఉండటం లేదట. పడవ పోతే ఆయన ఎవరిదో రొయ్యల చెరువుకు కాపలా పోవాలి.

"పుట్టినప్పటి నుంచీ సముద్రం మీద తిరిగినాయన, చెరువు గట్టు మీద కుర్చీ వేసుక్కూచోవాలంటే ఎలా?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

ఆ వానాకాలం కృష్ణకు వరదొచ్చి, గేట్లెత్తి నీళ్లు కిందికి వదిలారు. వరద తగ్గాక అందరం వదిన పుట్టింటికి బయలుదేరాం. బండిలో నాకు కునుకు పట్టి ఒక కల వచ్చింది. సముద్రం నిండా ఎవరో వరి నాట్లు వేశారు. అలల మీద పైరు ఊగుతోంది, దుబ్బుల మధ్య చేపలు దారి తెలియక తిరుగుతున్నాయి. నాన్న ఒడ్డు మీద నిలబడి పంటను చూసి మురిసిపోతున్నాడు.

మర్నాడు పొద్దున్నే వదిన వాళ్ల నాన్న మమ్మల్ని పడవ ఎక్కించాడు. జీవితంలో పడవ ఎక్కని మా నాన్న రెండు చేతులతో అంచు పట్టుకుని బిగుసుకుపోయాడు. గాలి లేదు, అల లేదు. నీళ్లు నీలంగా లేవు, చిక్కటి పచ్చగా ఉన్నాయి. వల లాగితే జిగురు జిగురుగా నాచు, అందులో నాలుగు రొయ్యలు.

"పైనంతా ఈ పసరే బావగారూ. అడుగున ఊపిరాడదు, చేప నిలవదు" అన్నాడాయన.

నేనూరుకుంటానా! నది మోసుకొచ్చే యూరియా, పట్నాల మురుగు, రొయ్యల చెరువుల మడ్డి, అన్నీ సముద్రంలోని సన్నటి నాచుకు ఎరువేనని, అది విపరీతంగా పెరిగి, చచ్చి, అడుక్కి దిగి కుళ్లేటప్పుడు అక్కడి ప్రాణవాయువు అయిపోతుందని బడిలో చెప్పినట్టే చెప్పాను. నాన్న వినలేదు. వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని అలాగే చూస్తున్నాడు.

"నల్లగ లేచింది" అన్నాడు మెల్లగా.

"ఏంటి బావగారూ?"

"ఏం లేదు బావా. గీ రంగు నాకెరుకే."

తిరిగొచ్చాక యూరియా చల్లే రోజున నాన్న ముందు చివరి మడి గండి మూసి, బురద మెత్తి, కాలితో తొక్కాడు. కింది పొలం రైతు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే అన్నా, నీళ్లాపినవ్? నా పొలం ఎండబెడ్తవా?"

"జర ఓపిక పట్టు తమ్మీ. మందు పొలానికి పట్టనీ, ఇడుస్త. మల్ల వచ్చే నా వంతు నీళ్లు నువ్వే కట్టుకో."

ఇంకో బస్తా వేయలేదు. పక్క పొలాల మధ్య మా పైరు కాస్త పాలిపోయినట్టు కనిపించేది. దారిన పోయేవాళ్లు "ఏం మామా, యూరియా దొర్కలేదా?" అని ఆటపట్టించేవాళ్లు. నాన్న తలపాగా సర్దుకుని పని చేసుకునేవాడు, ఎంత ఉక్రోషం మింగాడో నాకు తెలుసు. అమ్మ మాత్రం "నవ్విన నాపచేనే పండుతది" అనేది. పంట పండింది, ఎప్పటిలాగే.

పడవ మాత్రం నిలవలేదు. కోతలప్పుడు, అమ్మేశామని వదినకు ఫోనొచ్చింది. ఫోను పెట్టేసి చాటలో బియ్యం ఏరుతూ ఉండిపోయింది, ఏరిన బియ్యమే మళ్లీ మళ్లీ ఏరింది. నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు.

యాసంగి నాట్లు అయ్యాయి, మళ్లీ యూరియా రోజు వచ్చింది. నేను గండి దగ్గర కూర్చుని ఉన్నాను. నాన్న పారతో మట్టి ఎత్తి నా ముందే నీళ్లకు అడ్డం వేశాడు. నా పరక కదలకుండా ఆగిపోయింది.

"పడవ పోనే పోయింది కదా నాన్నా, ఇగ ఎవరి కోసం?" అన్నాను.

ఆయన గండి మీద ఇంకో పార మట్టి వేశాడు.

"గా రేవుల ఇంకా పడవలున్నయ్ గద బిడ్డా" అన్నాడు.